ధూమ్రకేశుడి చిలుక, ఎండ్రకాయ చెప్పిన లెక్క

అనగనగా సింహగిరిని ఏలే గజపాలుడనే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు కత్తిసాములో దిట్ట. నడిపివాడు చిత్రకేతు గుర్రపుస్వారీలో దిట్ట. చిన్నవాడు నీలకేతుకు మాత్రం ఏది విన్నా అయోమయమే. నలుగురు నాలుగు మాటలు చెబితే నాలుగూ నిజమే అనిపించేవి పాపం.

ఒకరోజు ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి హేమలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. వాడి తోటలో పది వరుసలు, వరుసకు పది పంజరాలు, పంజరానికొక చిలుక. ప్రాణమున్న చిలుక ఎక్కడుందని ఎవరడిగినా రెండు వేరువేరు గుర్తులు చెప్పి తీరాలని వాడి గురువు ఆన పెట్టాడు. తప్పు పంజరం ముట్టుకున్నవాడు మాత్రం శిలైపోతాడు.

జయకేతు వెళ్ళాడు, తోచిన పంజరం ముట్టుకున్నాడు, శిలయ్యాడు. చిత్రకేతు వెళ్ళాడు, తోచిన పంజరం ముట్టుకున్నాడు, శిలయ్యాడు. ఇక నీలకేతు బయలుదేరాడు.

ఏడో సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి ఎండ్రకాయ ఒకటి కనిపించింది. నీలకేతు వల తెంపి విడిపించాడు.

"తోచిన పంజరం ముట్టుకోకు నాయనా, లెక్క కట్టు," అంది ఎండ్రకాయ. ఇసుకలో కాళ్ళతో నాలుగు గడులు గీసింది. "గురువు ఆన ప్రకారం మాంత్రికుడు రెండు గుర్తులు చెబుతాడు. ఒక్కో గుర్తులో వరుస సంఖ్యను ఎన్నింతలు చేశాడో ఎడమ గడిలో, పంజరం సంఖ్యను ఎన్నింతలు చేశాడో కుడి గడిలో రాయి. మొదటి గుర్తువి పైన, రెండో గుర్తువి కింద. ఎడమ పైనుంచి ఐమూలగా కిందికి గుణించు. కుడి పైనుంచి కూడా అలాగే గుణించి, మొదటి దాంట్లోంచి తీసెయ్యి. మిగిలినదే నిర్ధారకం."

"అదే జవాబా?"

"కాదు. ఎడమ గడులు చెరిపి అక్కడ వాడు చెప్పిన మొత్తాలు రాసి, మళ్ళీ అలాగే చెయ్యి. వచ్చినదాన్ని నిర్ధారకంతో భాగిస్తే వరుస. ఎడమవి మళ్ళీ రాసి, కుడివి చెరిపి అక్కడ మొత్తాలు పెట్టి చేస్తే పంజరం."

"చెరిపింది మళ్ళీ రాయాలా?"

"రాయాలి నాయనా!"

ఎండ్రకాయ మూడుసార్లు చెప్పింది. మొదటిసారి నీలకేతుకు ఏమీ అర్థం కాలేదు. రెండోసారి అంతా అర్థమైందనిపించింది. మూడోసారి ఆ అర్థమైందీ పోయింది. గడులు మాత్రం గుర్తున్నాయి. వాటినే నమ్ముకుని ఏడో సముద్రం దాటాడు.

చిలుక ఎక్కడుందని అడిగితే ధూమ్రకేశుడు మీసం దువ్వుతూ చెప్పాడు: "వరుసకు పంజరం రెండింతలు కలిపితే పది. వరుస రెండింతలకు పంజరం నాలుగింతలు కలిపితే ఇరవై. ఊఁ, ముట్టుకో!"

నీలకేతు నేలమీద రాశాడు. పైన ఒకటి, రెండు. కింద రెండు, నాలుగు. ఒక ఐమూల నాలుగు, రెండో ఐమూల నాలుగు. తీసేస్తే సున్న! ఎడమవి మార్చాడు, సున్న. కుడివి మార్చాడు, సున్న. తనే ఎక్కడో తప్పాననుకుని మొత్తం చెరిపి మళ్ళీ చేశాడు. మళ్ళీ సున్నలే. పక్కనే శిలలైన అన్నలను చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిలుకలకు మేత వేస్తున్న హేమలేఖ మెల్లగా అంది: "ఎన్నిసార్లు చేసినా అదే వస్తోందంటే తప్పు మీది కాదేమో, రాకుమారా."

నీలకేతు గడులవంక చూశాడు. పై గడులను రెట్టింపు చేస్తే కింది గడులు. పది రెట్టింపు ఇరవై.

"ధూమ్రకేశా! నువ్వు చెప్పింది ఒక్క గుర్తే. దాన్నే రెట్టించి చెప్పావు. నీ గురువు ఆన! రెండోది చెప్పు."

మాంత్రికుడి మొహం నల్లబడింది. ఆన తప్పలేక పళ్ళు కొరుకుతూ అన్నాడు: "వరుస మూడింతలకు పంజరం కలిపితే పదిహేను."

నీలకేతు ఈసారి కొత్త గుర్తువి పైన మూడు, ఒకటి రాశాడు. కింద పాత గుర్తువి ఒకటి, రెండు. ఆరులోంచి ఒకటి పోతే నిర్ధారకం అయిదు. ఎడమన మొత్తాలు పెడితే ముప్ఫైలోంచి పది పోయి ఇరవై. అయిదుతో భాగిస్తే నాలుగు. కుడిన పెడితే ముప్ఫైలోంచి పదిహేను పోయి పదిహేను; భాగిస్తే మూడు.

నాలుగో వరుస, మూడో పంజరం. కళ్ళు మూసుకుని చిలుకను పట్టుకుని మెడ విరిచాడు. కళ్ళు తెరిచేసరికి ధూమ్రకేశుడు బూడిద కుప్ప. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

నీలకేతుకూ హేమలేఖకూ ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెళ్ళి చేశారు. "రాజ్యం తమ్ముడిదే," అన్నారు అన్నలు. "నాదా? ఎందుకు?" అని తికమకపడుతూనే నీలకేతు సింహాసనం ఎక్కాడు. అరవై ఏళ్ళు ప్రజలు సుఖంగా ఉన్నారు.