కరక్కాయ గుడ్డ

చెంగల్రాయుడికి పదకొండు రోజులుగా సరిగ్గా తెల్లారడం లేదు. తెల్లారడమంటే వాడికి ఏటి ఇసకలో టైరుచెప్పుల చప్పుడు, ఆ వెనకే ఒక కేక. "అల్లుడా, చెంబు తేవయ్యా!"

ఏటవతల పల్లె నుంచి పాలు తెచ్చే ఖాజమ్మ కేక అది. వాడు ముత్యాలప్ప గారి దగ్గర కలంకారీ పని నేర్చుకుంటూ పదేళ్లుగా ఉన్నాడు. కలంకారీ అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పని కదా, గీసే ముందు ఆ గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుముపాలలో ముంచి ఆరేయాలి. ఆ పాలు పోసేది ఖాజమ్మే. చెంబు నిండినాక ఒక గ్లాసు వేరే పోసి, "ఇది గుడ్డకు కాదు, నీకు" అనేది. తల్లి లేని చెంగల్రాయుడు, ముప్పై ఐదేళ్లొచ్చినా, ఆ గ్లాసు కోసం చంటిబిడ్డలా నిలబడేవాడు.

తాగి ఊరకుంటాడా? మూతి తుడుచుకుంటూ, "అత్తా, ఏటవతల పాలల్లో సగం ఏరేనంట కదా!" అనేవాడు.

"నీకు పెళ్లి కుదరనీ, మిగతా సగం ఏరు కూడా తెచ్చి పోస్తా" అనేది ఆమె.

ఆ ఎకసెక్కాన్నే వాడు టీకొట్టు దగ్గర కూడా చెప్పేవాడు. ఊరు పడీపడీ నవ్వేది. ఏళ్ల తరబడి నవ్వింది.

ఇప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడు లేదు.

జరిగింది ఇంతే. ఒకరోజు ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఎవరో, ఎక్కడో, పాలక్యానులో తెల్లపొడి కలుపుతున్నారు. చెంగల్రాయుడు దాన్ని ఊరి గ్రూపులో పెట్టి, కింద తన గొంతుతో రెండు ముక్కలు చెప్పాడు. "అన్నలారా, అక్కలారా, బయటి పాలతో జాగ్రత్త. పిల్లలున్న ఇళ్లు." ఎవరి పేరూ పెట్టలేదు. మంచికే చెప్పాననుకున్నాడు. ఆ ఊరికి బయటి నుంచి పాలు తెచ్చేది ఒక్క మనిషేనని వాడికి తట్టనే లేదు.

ఆ సాయంత్రం ఎవరింట్లోనో ఒక పిల్ల వాంతి చేసుకుంది. మర్నాటికి ఐదుగురు పిల్లలన్నారు. ఆ మధ్యాహ్నానికి ఇద్దరు పోయారన్నారు. నిజానికి ఎవరికీ ఏమీ కాలేదు, వాంతి చేసుకున్న పిల్ల కూడా సుబ్బరంగా ఆడుకుంటోంది. ఖాజమ్మ క్యానును మాత్రం ఎవరో కాలితో తన్నారు. పాలన్నీ ఇసకలో ఇంకిపోయాయి. మూడోనాడు ఆమె ఎనుముల్ని తోలుకుని, ఇంటికి తాళమేసి, వెంకటగిరి అవతల చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. చెంగల్రాయుడు ఫోన్ చేస్తే మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది.

పన్నెండో రోజు వాడు గురువు ముందు కూలబడ్డాడు.

"సామీ, ఆ వీడియో అసలు మన దేశానిదే కాదంట. అబద్ధమని గ్రూపులో మూడుసార్లు పెట్టినా. ఒక్కరూ పలకలే. ముందుదేమో గంటలో ఊరంతా చుట్టొచ్చె. అబద్ధానికున్న బలం నిజానికి లేదా సామీ?"

ముత్యాలప్ప లేచి రెండు గుడ్డముక్కలు తెచ్చి వాడి ముందు పరిచాడు. ఒకటి ఉత్త తెల్లగుడ్డ. రెండోది నిన్న కరక్కాయలో ముంచి ఆరేసింది, లేత పసుపు తిరిగి ఉంది. కసిమి కుండ ముందుకు జరిపాడు. బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరబెట్టిన నీళ్లవి. చూడ్డానికి పలచటి టీనీళ్లే.

"గీయి" అన్నాడు.

చెంగల్రాయుడు కలం ముంచి తెల్లగుడ్డ మీద ఒక గీత గీశాడు. ఉండీ లేనట్టు, మట్టినీళ్ల చార. రెండో గుడ్డ మీద గీశాడు. కలం వెనకాలే గీత కాటుకలా నల్లబడుతూ పోయింది.

"కుండ ఒకటేనా?"

"ఒకటే సామీ."

"మరి ఇది మాత్రం నల్లగా ఎందుకయిందిరా?"

అంత బాధలోనూ చెంగల్రాయుడికి నవ్వొచ్చింది. పదేళ్ల పనివాణ్ణి అడిగే మాటేనా ఇది? "నలుపు కుండలో ఎక్కడుంటుంది సామీ! గుడ్డలో ఉంటుంది. కరక్కాయలో ముంచి పెట్టినాం కదా."

"ముంచిందెవరు?"

"నేనే..."

టీకొట్టు దగ్గరి నవ్వులన్నీ చెవుల్లో ఒక్కసారిగా వినపడ్డాయి.

గబుక్కున ఆ గుడ్డను తీసుకుని నీళ్లతొట్టిలో పెట్టి పిండాడు. మళ్లీ పిండాడు. నలుపు ఇంకా తేటగా నిలిచింది. గీత అంచుల్లో మాత్రం సన్నటి పోగులు వేర్లలాగా అటూ ఇటూ పాకి ఉన్నాయి.

"గీత పాకింది సామీ" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పాకదా మరి. నిన్న నువ్వు పోసింది ప్యాకెట్ పాలు. పాలు పలచనైతే గీత నిలబడదు." ముత్యాలప్ప గోడకున్న పాత గుడ్డ ఒకటి తీసి వాడి ఒళ్లో వేశాడు. వాడు మొదటి ఏడు గీసిన నెమలి. ఈకల గీతలు వెంట్రుకంత సన్నం. ఒక్కటీ పక్కకు పాకలేదు.

"ఖాజమ్మ పాలల్లో ఏరు లేదని ఎవరికి తెలియకపోయినా నీ చేతికి తెలుసు కదరా" అన్నాడు మెల్లగా.

చెంగల్రాయుడు ఒక ఈక గీత వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని లేచాడు. "వెంకటగిరి బస్సెక్కుతా సామీ. కాళ్లు పట్టుకునైనా పిలుచుకొస్తా."

"ఏ ఊరికి రమ్మంటావు? క్యాను తన్నిన ఈ ఊరికేనా?"

చెంగల్రాయుడు బయటికి వచ్చాడు. వాకిట్లో పాలచెంబు బోర్లించి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్ గూట్లో పెట్టేశాడు. బస్సు దారి పట్టలేదు. వీధి మొదట్లో ఉన్న ఇంటి తలుపు కొట్టాడు.

ఇంటావిడ చెంబు చూసి, "ఏం చెంగా, పాలకా? మా ఇంట్లోనూ ప్యాకెట్టే" అంది.

"పాలకు కాదక్కా" అన్నాడు చెంగల్రాయుడు. "ఏటవతల పాలల్లో ఏరు ఎప్పుడూ లేదు. పదేళ్లుగా నాకు తెలుసు."