గవర్రాజు మూడంతస్తుల మేడ

అనకాపల్లిలో గవర్రాజు అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఏదైనా సరే, పక్కవాడి కంటే తనదే పెద్దదిగా ఉండకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఒక కార్తికమాసంలో తల్లి నారాయణమ్మనూ, భార్య సుభాషిణినీ వెంటబెట్టుకుని మబ్బులకొండకు వెళ్ళాడు. ఆ కొండ అందం కళ్ళారా చూడవలసిందే. అడవిలో మెలికలు తిరిగే కాలిబాట, మలుపు మలుపుకూ ఒక చిన్న గుడి. సగం ఎక్కాక ఒక బండ మీద నిలబడితే కింద నది, దాని పక్కన పచ్చటి చేలు. కొండ కొసన నరసింహస్వామి. మోకాళ్ళ నొప్పి తగ్గితే తన కాళ్ళతో నడిచి వచ్చి దర్శనం చేసుకుంటానని నారాయణమ్మ మొక్కుకుంది. అందుకే ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆగి ఆగి ఎక్కుతోంది. సుభాషిణి ఆవిడ పక్కనే నడుస్తోంది.

గవర్రాజు ముందుగా బండ దగ్గరికి చేరాడు. సొంత ఇల్లు కావాలనుకునేవాళ్ళు అక్కడ రాళ్ళు పేర్చి ఇల్లు కట్టి దణ్ణం పెట్టుకోవడం ఆనవాయితీ. అందరివీ బుల్లి ఇళ్ళే. తను మాత్రం మూడంతస్తులు లేపాలనుకున్నాడు. అందుకు తగిన పలకరాళ్ళు అక్కడ లేవు. కాస్త కిందికి దిగితే, బాటకు అడ్డంగా పారే వాగులో జనం దాటడానికి వేసిన పలకలు కనిపించాయి. వాటిని పెకలించి తెచ్చి దర్జాగా మేడ కట్టాడు. ఫోటో కూడా తీసుకున్నాడు.

ఎంతకీ తల్లి రాకపోయేసరికి వెతుక్కుంటూ దిగాడు. నారాయణమ్మ వాగు అవతలే నిలబడిపోయింది. నీళ్ళ అడుగునంతా పాకుడు. ఎవరైనా ఎత్తుకుని దాటిస్తామంటే, అలాగైతే మొక్కు తీరినట్టు కాదని ఆవిడ ఒప్పుకోలేదు.

"నాకు ఇంతవరకే ప్రాప్తంరా. ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుని దిగిపోతాను" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఈలోగా సంగతి బండ దాకా పాకింది. అక్కడివాళ్ళు తాము కట్టుకున్న ఇళ్ళు విప్పి, రాళ్ళు కొంగుల్లో, తువ్వాళ్ళలో వేసుకుని వచ్చి వాగులో పోయసాగారు. ముక్కూమొహం తెలియని ముసలావిడ కోసం అంత చేసిన వాళ్ళ మనసు ఎంత గొప్పది!

"మరి మీ ఇల్లమ్మా?" అని ఒకామెను అడిగాడు గవర్రాజు.

"స్వామి ఎప్పుడిచ్చినా తీసుకుంటాను బాబూ. ముందు పెద్దావిడ దాటాలి కదా" అందామె.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పలకలు తీసింది తనేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. పరుగున వెళ్ళి మేడ కూల్చి, పలకలు మోసుకొచ్చి, నీళ్ళలో దిగి ఆ చిన్న రాళ్ళ మీద తన చేతులతో పరిచాడు. నారాయణమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ వాగు దాటి, స్వామి గుడి దాకా నడిచింది.

నలుగురూ నడిచే దారిని చెడగొట్టి ఎంత ఎత్తు మేడ కట్టినా అది గొప్ప కాదు. సాటి మనిషి అడుగు ముందుకు పడడానికి తన ఇంటి రాయిని ఇవ్వగలవాడే గొప్పవాడు.