నువ్వులుండల సంత

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే ఆ రాజు అక్కడే నిలబడిపోతాడు. ఒరేయ్ తేజూ, ఆ ఫోను పక్కన పెట్టు, కథ అయ్యాక తీసుకుందువు గాని. ఈ కథ కాస్త భయంగా ఉంటుంది. ముందే చెప్తున్నా, తర్వాత నా కొంగు పట్టుకుని వేలాడొద్దు.

ఆ రాజు పేరు ధవళకేతు. ఊరు పగడాలకోట. ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు విక్రాంతుడు, రెండోవాడు సుమంతుడు, అందరికన్నా చిన్నది కురంగి. రాజుగారికి గుండెనొప్పి పట్టుకుంది. ఆ సంగతి బయటికి పొక్కిందంటే పక్క రాజ్యంవాడు దండెత్తి వస్తాడని, పిల్లలు ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ నొప్పికి మందు ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, చూపుల సంతలో ఉందని తెలిసింది. ఆ సంతలో లేని వస్తువంటూ లేదట. ఎంతసేపు తిరిగినా, ఏం చూసినా ఒక్క పైసా అడగరట. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, అతనూ రాలేదు.

ఒకనాడు పక్క రాజ్యం నుంచి రాయబారి వచ్చాడు. నిండు కొలువులో నవ్వుతూ, "మహారాజా, ఎడమవైపు నొప్పి ఎలా ఉంది? మెట్లెక్కితే ఆయాసం వస్తూనే ఉందా?" అని అడిగాడు. రాజుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కురంగి మనసులో లెక్క వేసుకుంది. అన్నయ్యలు ప్రాణం పోయినా నోరు విప్పరు. మరి వీడికెవరు చెప్పారు?

"నాన్నగారూ, నేను వెళ్తాను" అంది.

"నువ్వు కూడా వెళ్ళిపోతే నేనేమైపోవాలి తల్లీ?"

"నేను వెళ్ళకపోతే అన్నయ్యలేమైపోవాలి?"

రాజు కూతురి తల నిమిరి దీవించాడు. కురంగి బయల్దేరింది. సముద్రం ఒడ్డున వేటగాళ్ళు ఒక అలుగుని గోనెలో కట్టి తీసుకుపోతున్నారు. అలుగంటే తెలుసుగా, ఒళ్ళంతా పెంకులుంటాయి, చీమలే దాని తిండి. కురంగి చేతి గాజులు తీసిచ్చి దాన్ని విడిపించింది. అన్నయ్యల కోసం చూపుల సంతకి వెళ్తున్నానని చెప్పింది.

"అమ్మాయీ, నా ప్రాణం నిలబెట్టావు. నేనొక మాట చెప్తా, చెవిన వేసుకో" అంది అలుగు. "ఆ దీవిలో పుట్టినదాన్ని, అక్కడి చీమల గుసగుసలు నాకు తెలుసు. ఆ సంత మధుకంఠుడనే మాంత్రికుడిది. ప్రతి వాకిట్లోనూ నువ్వులుండల పళ్ళెంతో ఎవరో ఒకరు నవ్వుతూ నిలబడతారు. తిన్నవాళ్ళ బట్టల్లో ఒక నువ్వుగింజ రాలుతుంది. దాని వాసన పట్టుకుని చీమ వెంటపడుతుంది. ఎక్కడ ఆగావో, దేన్ని రెండోసారి చూశావో, ఏ మందు అడిగావో, అన్నీ తీసుకెళ్ళి వాడి చిలక చెవిలో వేస్తుంది. వాడి ప్రాణం కూడా ఆ చిలకలోనే ఉంది."

"ఆ చిలక అవన్నీ ఏం చేస్తుంది?"

"దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా, వాడికి చెప్పేస్తుంది. మీ నాన్న నొప్పి సంగతి పక్క రాజుకి అమ్మిందీ వాడే. ఒక్కో కబురుకీ వాడు ఒక్కో చిటికెడు మట్టి వేసి నీ బొమ్మ చేస్తాడు. బొమ్మకి ఒక కన్ను దిద్దితే సగం నువ్వు వాడి సొత్తు. రెండో కన్నూ దిద్దితే వాడేం కోరితే నువ్వూ అదే కోరతావు, పైగా అది నీ కోరికే అనుకుంటావు. మీ చిన్నన్నకి కళ్ళింకా దిద్దలేదు. పెద్దన్నకి ఒక కన్ను అయిపోయింది. రెండోది ఈ పున్నమికి."

పున్నమి ఇంకెంతో దూరం లేదు. అలుగు తన నేస్తం తాబేలుని పిలిచింది. ఇద్దర్నీ వీపు మీద ఎక్కించుకుని ఆ తాబేలు ఏడు సముద్రాలూ దాటించింది. అలుగు ఒడ్డునే ఆగింది, కురంగి సంత వైపు నడిచింది.

మొదటి వాకిలి ఏనుగులు పట్టేంత పెద్దది. అక్కడ ఒక ముత్తైదువ, చేతిలో వెండి పళ్ళెం. "దూరం నుంచి వచ్చావు. ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకో తల్లీ, సరే అంటే చాలు" అంది. గుమ్మంలో పెట్టింది వద్దనడం పగడాలకోట వాళ్ళ ఇంటా వంటా లేదు. అన్నయ్యలు బోల్తా పడ్డది ఆ మొహమాటంతోనే. కురంగి నాలుక చివరిదాకా వచ్చిన "సరే"ని మింగేసింది.

"వద్దు. తిననివాళ్ళు వెళ్ళే దారేదీ?"

ముత్తైదువ నవ్వు ఆరిపోయింది. గోడ మూలకి వేలు చూపించింది. అక్కడ కుక్క దూరే కంత లాంటి తలుపు, దానికడ్డంగా ముళ్ళకంప. కురంగి పాకుతూ దూరింది. మోచేతులు గీరుకుపోయాయి.

లోపల సంత ధగధగలాడుతోంది. కానీ ప్రతి మనిషి వెనకా నల్లటి చీమల బారు! ఒక తల్లి ఊయల వైపు ఒక్కసారి చూసింది. అంతే, పక్క అంగట్లో ఊయల, ఆ పక్క అంగట్లో ఊయల. "నా బిడ్డ పోయి ఏడాదైందయ్యా, నాకొద్దు" అని ఏడుస్తూ పరుగెత్తింది పాపం. ఎటు తిరిగినా ఎదురుగా ఊయల ఊగుతూనే ఉంది. కురంగి కళ్ళు మూసుకుని ముందుకి నడిచింది.

రెండో వాకిట్లో ఒక ముసలాయన. "దూరం నుంచి వచ్చావు. ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకోమ్మా. పెద్దవాణ్ణి, నా చెయ్యి వెనక్కి తిప్పకు" అన్నాడు. కురంగి దణ్ణం పెట్టి వద్దంది. మళ్ళీ మూల కంత, మళ్ళీ ముళ్ళు.

మూడో వాకిట్లో పళ్ళెం పట్టుకుని నిలబడ్డది ఎవరనుకున్నారు? విక్రాంతుడు! ఒక కంట్లో నీళ్ళు, రెండో కంట్లో ఏమీ లేదు.

"చెల్లీ, దూరం నుంచి వచ్చావు. ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకో."

"పెద్దన్నయ్యా, నేను కురంగిని!"

"ఒక్కటంటే ఒక్కటి" అంటూ ఉండ చేతిలో పెట్టి, ఆ చేతిని నోటిదాకా నెట్టాడు. చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టిన చెయ్యి అది. కురంగి కళ్ళ నీళ్ళకి కాటుక చెరిగిపోయింది. అయినా పళ్ళు బిగబట్టి, గుప్పిట మూసి, మూలకి పాకింది.

ఆ కంత దగ్గర సంకెళ్ళతో ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. పేరు శిఖివర్మ, ఒకప్పుడు ఆ దీవికి రాజకుమారుడు. ఉండ తిననన్నందుకు మాంత్రికుడు అక్కడ కట్టేశాడు.

"ఈ మూలకి మనిషి రావడం ఇదే మొదలు" అన్నాడు నమ్మలేనట్టు. కురంగి చిలక ఎక్కడుందని అడిగింది. "చిలక బొమ్మల గదిలోనే ఉంది. త్వరగా వెళ్ళు, ఇవాళే పున్నమి, వాడు కుంచె కడుక్కుంటున్నాడు."

బొమ్మల గదిలో నేల నుంచి కప్పు దాకా మట్టి మనుషులే. మధ్యలో పంజరం, అందులో చిలక. కురంగిని చూసి అది రెక్కలు టపటపలాడించింది.

"ఎవరు నువ్వు? నీ పేరేంటి? నీకేం కావాలి? అయ్యో, నీ గురించి నాకేమీ తెలీదే!" అని గజగజ వణికింది. ఊళ్ళ గుట్టంతా తెలిసిన చిలకకి తెలియని మనిషంటే ఎంత భయమో చూడండి.

కురంగి గుప్పిట తెరిచింది. "దూరం నుంచి వచ్చాను. ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకో. ఇంటికొచ్చినదాన్ని, నా చెయ్యి వెనక్కి తిప్పుతావా?"

చిలకకి ఎప్పుడూ ఎవరూ ఏమీ పెట్టలేదు, అడగడమే గాని. వద్దనడం దానికేం తెలుసు? మొహమాటపడి కొరికింది. ఒక నువ్వుగింజ రెక్కల్లోకి రాలింది.

గోడలన్నీ కదిలినట్టు చీమలు వచ్చాయి. చిలక మీదికెక్కి, దాని కడుపులో దాగిన మాంత్రికుడి గుట్టంతా మోసుకొచ్చి మట్టిలో కలిపాయి. మట్టి దానంతటదే లేచి మధుకంఠుడి బొమ్మయింది.

సరిగ్గా అప్పుడే మాంత్రికుడు కుంచెతో వచ్చాడు. "చిలకా, గదిలో ఎవరు?"

"తెలీదు స్వామీ, తెలీదు!"

వాడు విక్రాంతుడి బొమ్మ కంటి దగ్గరికి కుంచె చాచాడు. కురంగి ఏడ్చి ఏడ్చి చెరిగిన తన కాటుకని వేలితో తీసి, వాడి బొమ్మకి ఒక కన్ను దిద్దింది. కుంచె జారి కింద పడింది. రెండో కన్నూ దిద్దింది.

"తమ కోరిక?" అన్నాడు మధుకంఠుడు చేతులు కట్టుకుని.

"ఈ బొమ్మలన్నిటినీ నీళ్ళలో కలుపు. సంకెళ్ళు విప్పు. ఆఖరున నీ బొమ్మ కూడా కలుపు."

వాడు ఒక్కో బొమ్మా ముంచుతుంటే బయట ఒక్కో మనిషీ నిద్ర లేచినట్టు తన పేరు తను చెప్పుకున్నాడు. తన బొమ్మ ముంచగానే మధుకంఠుడు బురదయి కరిగిపోయాడు. వాడి ప్రాణం మోసే బరువు తీరిన చిలక అందరి గుట్టూ మరిచిపోయి, మామూలు చిలకలా అరుచుకుంటూ జామచెట్టు వెతుక్కుంటూ ఎగిరిపోయింది. అలుగు ఆ చీమలన్నిటినీ తిని నెల్లాళ్ళు నిద్రపోయింది.

అన్నాచెల్లెళ్ళు ముగ్గురూ సంతలో మందు తీసుకుని ఇల్లు చేరారు. రాజుగారు కోలుకున్నారు, శత్రువు తోక ముడిచాడు. కురంగికీ శిఖివర్మకీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. వాళ్ళిద్దరూ ఆ దీవిని నిండు నూరేళ్ళు ఏలారు. సంతలో ప్రతి వాకిలి పక్కనా, తిననివాళ్ళ కోసం అంతే పెద్ద తలుపు ఇంకోటి పెట్టించారు. విక్రాంతుడు మాత్రం, ఎవరైనా తన మనసులో మాట ముందే చెప్పేస్తే, ముసలివాడయ్యాక కూడా ఉలిక్కిపడి పంచె అంచు దులుపుకునేవాడు.

అదీ కథ. ఊ కొట్టింది చాలు. ఇదిగో నీ ఫోను, తీసుకో తేజూ. ఏంటి, అప్పుడే ఏదో అడుగుతోందా? కుకీలకి సరేనా అంటోందా? అంత పెద్ద వాకిలి చూసి నొక్కెయ్యకు నాయనా. మూల వెతుకు, చిన్న తలుపుంటుంది.