నట్టేట దొరికిన అర్థం

కోట ఈ ఒడ్డున, సంత ఆ ఒడ్డున ఉన్న ఒకానొక రాజ్యంలో రణభూషణుడనే రాజు ఉండేవాడు. మధ్యలో ఏరు. ఏరు దేవుడిదే అయినా రేవు సుంకం మాత్రం రాజుగారిది.

ఒకనాడు ఉప్పమ్ముకునే పోలమ్మను రేవు భటులు ఆపారు. ఉప్పుకో సుంకం, గంపకో సుంకం, గంప కింది చుట్టకుదురుకో సుంకం! చేతిలో కాసు లేదంటే ఉప్పంతా పోయించుకున్నారు.

"ఇది నిలువుదోపిడీ!" అని అరిచింది పాపం.

ఆ మాట సభకెక్కింది.

"నిలువుదోపిడీ అంటే ఒంటిమీద ఉన్నదంతా ఊడ్చుకుపోవడం. అది దారిదొంగలకే చెల్లే మాట ప్రభూ. సుంకానికి వాడితే తమరిని దొంగ అన్నట్టే," అని తేల్చాడు ఆస్థాన పండితుడు.

రాజు మీసం దువ్వాడు. "పొద్దు గుంకేలోగా దాని నాలుక కోయండి."

భటులు పోలమ్మ రెక్క పట్టుకున్నారు. బయట కత్తి నూరుతున్న చప్పుడు సభలోకి వినిపిస్తోంది. అప్పుడు తిప్పన లేచాడు. రాజుగారిని నవ్వించి పొట్టపోసుకునే మనిషి.

"ఆ మాట ఎక్కడ వాడాలో పండితులవారికి తెలియదు ప్రభూ. ఏటి మీదికి రండి, చూపిస్తాను. తమరికి బోధపడకపోతే ఆమెతోపాటు నా నాలుకా కోయించండి."

"రెండు నాలుకలన్నమాట. పద!"

పడవ చిన్నది, భటులు ఒడ్డునే ఉండిపోయారు. తిప్పనే గడ వేశాడు. నట్టేట గడ పైకి లాగేశాడు. పడవ సుడివైపు జారసాగింది.

"సుంకం ప్రభూ!"

రాజుల దగ్గర చిల్లర ఎక్కడిది? ఉంగరం తీసిచ్చాడు.

"ఇది తమరికి. మరి కిరీటానికో?"

కంఠహారం ఊడింది.

"కిరీటం కింది తలగుడ్డకో?"

సుడి హోరు దగ్గరైంది. రాజు భుజకీర్తులు విప్పుతూ గావుకేక పెట్టాడు.

"ఓరి దుర్మార్గుడా! ఇదేం సుంకంరా? నిలువుదోపిడీ!"

తిప్పన గబగబా గడ వేసి పడవ తిప్పాడు. నగలన్నీ రాజు ఒడిలో పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ఆ మాట తమరికి నేను నేర్పలేదు ప్రభూ. పోలమ్మకూ ఎవరూ నేర్పలేదు."

రాజు మొహం జేవురించింది. నగలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకున్నాడు. పడవ ఒడ్డు చేరింది. ఎదురుగా కత్తితో తలారి, పక్కన పోలమ్మ, ఆ వెనక పండితుడు.

"పండితా, ఆ మాట నేనూ అన్నాను. ఎవరి నాలుక ముందు కోయిద్దాం?"

పండితుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అది చూసి రాజు పగలబడి నవ్వాడు. రేవు సుంకం ఎత్తేయించి, ఉంగరం తిప్పన వేలికి తొడిగాడు.

అప్పటిదాకా పళ్ళు బిగించుకుని నిలబడ్డ పోలమ్మ మెల్లగా నోరు తెరిచింది.

"మరి నా ఉప్పో, దొరా?"

రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి గంప తనే పట్టుకుని, ఉప్పు పోయించాడు.