ఓలేటివారి లంగరు రాట్నం

బొద్దులరేవులో తెలివి ఎవరింట ఉందని అడిగితే, అది తమ ఇంటనే ఉందని ఓలేటివారు సవినయంగా మనవి చేసేవారు. ఊళ్ళో తక్కినవారు కాదని అనేవారు కారు. ఓలేటివారితో ఒక మాట అంటే ఆ మాట ఎంత దూరం పోతుందో వారికి బాగా అనుభవం.

ఆ ఇంటికి పెద్ద పోతురాజు. ఇంటివారి తెరచాప పడవకు సరంగు కూడా అతడే. "మాట అన్నాక దానికి ఒక అర్థం ఉంటుందిరా. ఆ అర్థం ప్రకారం పని చేసేవాడు తెలివైనవాడు. దాని వెనకాల ఇంకో అర్థం ఉందేమోనని తడుముకునేవాడు వెర్రివాడు" అని తమ్ముళ్ళు సింహాద్రికీ లోవరాజుకూ తరచు బోధించేవాడు. వాళ్ళు శ్రద్ధగా తలలూపేవారు. అన్నయ్య మాట తలకెక్కించుకోవాలని చిన్నప్పుడు తల్లి చెప్పినందువల్ల, అతడు మాట్లాడేటప్పుడు తలపాగాలు తీసి వినేవారు కూడాను.

ఇంత తెలివిగల ఇంట్లో పోతురాజుకు ఒకే ఒక్క దిగులు. భార్య వరాలమ్మ పుట్టింట్లో ఉంది. గొడవ పెట్టింది మనుషులు కారు, లంగరు. పడవ ముందు భాగాన లంగరు గొలుసును చుట్టుకుంటూ పైకి లాగే రాట్నం ఒకటుంది. పిడి పట్టి తిప్పితే పక్కనున్న పళ్ళ చక్రం తిరుగుతుంది, గొలుసు వెనక్కి జారకుండా ఒక ఇనుప చీల అడ్డుపడుతుంది. ఆ రాట్నం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఓసారి సంతకు వెళ్ళి వస్తూ పాయ మధ్యలో లంగరు వేశారు, పొద్దుగూకేదాకా మళ్ళీ లేవలేదు. వరాలమ్మ కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని తోటకూర వాడిపోయేదాకా కూర్చుంది. అంతే. వేరే పడవ పిలిపించుకుని తిన్నగా కొమరలంకకు, పుట్టింటికి వెళ్ళిపోయింది. "లంగరు సుఖంగా లేచిన నాడు ఈ పడవ మీదే వచ్చి తీసుకెళ్ళండి. అందాకా మీ వంట మీదే" అని చెప్పి మరీ వెళ్ళింది.

వంట లోవరాజు చేస్తున్నాడు. పోతురాజు భోజనం వేళకు కొమరలంక దిక్కు తిరిగి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

చివరికి పడవల దావూదు మేస్త్రీని పిలిపించారు. దావూదు పనిమంతుడే గాని తీరిక లేని మనిషి. రాట్నం చుట్టూ ఒకసారి తిరిగి, "పళ్ళ నిండా బురదే. ముందు పళ్ళు శుభ్రంగా తోమండి, రేపొచ్చి చూస్తా" అని వెళ్ళిపోయాడు.

ఇంకేముంది. సింహాద్రి వేపపుల్లలు విరుచుకొచ్చాడు. లోవరాజు బొగ్గుపొడిలో ఉప్పు కలిపి నూరాడు. అన్నదమ్ములు ముగ్గురూ చక్రం ముందు బాసింపట్టు వేసుకుని, ఒక్కొక్క పన్నూ తోమారు.

"అన్నయ్యా, పుక్కిలించొద్దూ?" అన్నాడు లోవరాజు.

"బాగా అడిగావు" అని పోతురాజు ఉప్పునీళ్ళు తెప్పించి చక్రం మీద ధారగా పోయించాడు.

మర్నాటికి తుప్పు రెట్టింపయింది. దావూదు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇనుముకి ఉప్పెవరు పెట్టమన్నారయ్యా?"

"పళ్ళకి ఉప్పు మంచిదండి" అన్నాడు సింహాద్రి ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

దావూదు కిరసనాయిలు పోసి తుప్పంతా గీకి, గ్రీజు డబ్బా వాళ్ళ ముందు పెట్టాడు. "చెయ్యి అందిన చోటల్లా పట్టించండి. పిసినారితనం చెయ్యకండి. భోంచేసి వస్తా."

అంతే. రాట్నానికి పట్టించారు. అక్కణ్ణించి కదలకుండానే పడవ అంచు అందింది, దానికీ పట్టించారు. రెండడుగులు వేస్తే తెరచాప కొయ్య అందింది. చుక్కానీ అందింది. కూర్చునే చెక్కలు అందాయి. పడవంతా అయ్యాక సింహాద్రి చెయ్యి లోవరాజు వీపుకు అందింది. పిసినారితనం చెయ్యలేదు.

దావూదు తమలపాకు నములుతూ వచ్చి పడవలో కాలు పెట్టాడు. పెట్టిన కాలు ఆగలేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఎవరికో నమస్కారం పెడుతున్నవాడిలా వంగి జారుకుంటూ వెళ్ళి, అటువైపు పాయలో పడ్డాడు.

"రాట్నం సంగతేమో గాని, మేస్త్రీ గారు మాత్రం ఎక్కడా పట్టెయ్యకుండా వెళ్ళారు అన్నయ్యా" అన్నాడు లోవరాజు మెచ్చుకోలుగా.

నడుం పట్టేసి దావూదు మంచమెక్కాడు. పోతురాజు పరామర్శకు వెళితే మూలుగుతూనే చెప్పాడు. "ఆ గ్రీజు తుడిచి చావండి. రాట్నానికి మాత్రం ఉంచండి. రేవులో ఇనుప సామాన్లు పోతున్నాయి, నేను లేచేదాకా దాని మీద ఒక కన్నేసి ఉంచండి."

పోతురాజు ఇంటికి వస్తూనే పడవ మీది గ్రీజు తుడిపించి, రంగు డబ్బా తీయించాడు. కుంచె లోవరాజు పట్టుకున్నాడు.

"కుడికన్నా, ఎడమకన్నా?"

"ఒక కన్నన్నాడు. ఏ వైపుదో చెప్పలేదు. మధ్యలో వెయ్యి" అన్నాడు పోతురాజు.

గుమ్మడికాయంత కన్ను వేశారు. కాటుక దిద్దారు. కాపలా కుదిరింది కనుక ముగ్గురూ నిశ్చింతగా ఇంటికి పోయి పడుకున్నారు. ఇంకేముంది. లేచి వచ్చేసరికి ఇనుప చీల లేదు.

పోతురాజు రాట్నం ఎదుట గొంతుకూర్చుని, "ఎవరు తీసుకెళ్ళారు? భయపడకు, చెప్పు" అన్నాడు. రాట్నం పలకలేదు. మళ్ళీ అడిగాడు. బుజ్జగించాడు. పలకలేదు.

సింహాద్రికి తట్టింది. "చూసే ఉంటుంది అన్నయ్యా. చెప్పడానికి నోరేదీ?"

పోతురాజు తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. వెంటనే నోరు కూడా వేయించాడు. దానికి తోడు రెండు చెవులు లోవరాజు తన సొంత ఆలోచనగా వేశాడు, అడిగింది వినపడాలి గనక.

నడుం సర్దుకున్నాక కర్ర ఊతంతో వచ్చిన దావూదు, తనకేసే చూస్తున్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. తన సంచిలోంచి కొత్త చీల తీసి తనే బిగించాడు. పిడి తిప్పాడు. రాట్నం తిరిగింది.

"పోతురాజూ, నీకో దణ్ణం" అన్నాడు. "నేను మళ్ళీ రాను. ఇకమీదట దీన్ని పసిపిల్లలా చూసుకో. అంతకంటే ఏం చెప్పను."

అంతకంటే ఏమీ చెప్పకపోవడమే మేలయింది. పొద్దున్నే ఆముదంతో ఒళ్ళంతా మర్దనా చేశారు. నలుగు పెట్టి తుడిచారు. సాంబ్రాణి ధూపం వేశారు. దిష్టిచుక్క పెట్టి, చలిగాలి తగలకుండా పాత దుప్పటి చుట్టారు. ఎప్పుడైనా కిర్రుమంటే, "ఆకలేసిందిరా" అని సింహాద్రి పరుగున వెళ్ళి చెంచాతో నూనె పోసేవాడు. రేవులో ఏ పడవ రాట్నానికీ జరగని సేవ దానికి జరిగింది. ఒకనాడు పోతురాజు లంగరు వేసి, ఊపిరి బిగబట్టి, ఒంటి చేత్తో పిడి తిప్పాడు. లంగరు వెన్నలోంచి వేలులా పైకి లేచి వచ్చింది.

అతడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉతికిన పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, తమ్ముళ్ళ చేత తెరచాప ఎత్తించి కొమరలంకకు బయలుదేరాడు.

వరాలమ్మ ఒడ్డునే ఉంది. లంగరు దిగింది. ఆవిడ మూట పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చి పడవెక్కింది. దుప్పటి కప్పుకుని తనను చూస్తున్న రాట్నాన్ని చూసి, కావాలనే ముఖం తిప్పుకుంది.

"చిక్కిపోయారు" అంది మొగుడితో.

"లోవరాజు వంట" అన్నాడు పోతురాజు.

"సరే పదండి. లంగరెత్తండి."

పోతురాజు పిడి తిప్పాడు. గొలుసు గలగలమంటూ చుట్టుకుంది. బురద కారుతూ లంగరు పైకి వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ దాన్ని అపురూపంగా చేతుల్లోకి ఎత్తుకున్నారు.

"ఎత్తాం వరాలూ. ఎక్కడ పెట్టమంటావు?"

ఆ ఇంట్లో వెటకారం పనికిరాదని వరాలమ్మకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలోనే మానేసింది. కాని పుట్టింట్లో ఉండి ఉండి అలవాటు తప్పింది. మూటకు పొడిచోటు వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే, "నా నెత్తిన పెట్టండి" అంది.

అని నాలిక కరుచుకుంది. తిరిగి చూసేసరికి లంగరు బయలుదేరింది.

"అయ్యో, మాట వరసకి అన్నానయ్యా."

"వరసలోనే వస్తున్నాం వదినా" అన్నాడు సింహాద్రి. నిజంగానే ముందు పోతురాజు, వెనక సింహాద్రి, ఆ వెనక లోవరాజు, వరస తప్పకుండా వస్తున్నారు.

వరాలమ్మ తెరచాప కొయ్య చుట్టూ తిరిగింది. లంగరూ తిరిగింది. ఇంకేముంది, మూట అక్కడే పడేసి నీళ్ళలోకి దూకి ఒడ్డుకు పరిగెత్తింది.

పోతురాజు నిర్ఘాంతపోయాడు. అడిగినచోటే కదా పెట్టబోయింది. ఆలోచించగా ఆలోచించగా సంగతి బోధపడింది. "తప్పు మనదేరా. చుట్టకుదురు లేకుండా ఎవరైనా ఆడదాని తల మీద బరువు పెడతారా?" అని తలపాగా విప్పి, గుండ్రంగా చుట్టి, ముందు తన నెత్తినే పెట్టుకున్నాడు. "పెట్టండి. నొప్పి లేదని కళ్ళారా చూస్తే అదే వస్తుంది."

తమ్ముళ్ళు పెట్టారు. లంగరు నెత్తిన మోస్తూ పోతురాజు పడవ అంచున నిలబడి, ఒడ్డుకేసి ప్రేమగా చెయ్యి ఊపాడు. ఈలోగా తెరచాప గాలి అందుకుంది. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. పడవ చల్లగా సముద్రం దారి పట్టింది.

వరాలమ్మ అది చూసింది. ఒడ్డు వెంబడి పరిగెత్తుతూ, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని అరిచింది. "లంగరు దించండయ్యా, లంగరు దించండి."

"చూశారా, నా మెడ నొప్పెడుతుందని ఎంత బెంగో" అన్నాడు పోతురాజు. "దించండిరా."

తమ్ముళ్ళు లంగరును అతడి నెత్తి మీంచి పదిలంగా దించి, పడవలో పొడిగా ఉన్న చోట చుట్టకుదురు వేసి, దాని మీద కూర్చోబెట్టారు.