జావ తూచిన సుమన

తప్పులేని పరీక్ష అంటే ఏమిటో చెప్పండి చూద్దాం! ఎన్నిసార్లు పెట్టినా ఒకే ఫలితం ఇచ్చేదేనా?

కృష్ణ ఒడ్డున, భిక్షుణుల మఠంలో సుమన అలాగే నమ్మింది. మఠం వైద్యశాలలో రోగుల సేవకు కొత్తవాళ్ళను ఎంచే పని ఆమెది. ఆమె పెట్టిన పరీక్ష ఒక్కటే. మూలికల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాలి.

సేవకు కొత్తగా వచ్చిన చందికకి నత్తి. ఎప్పుడు అడిగినా "తి... తి..." అంటూ తిప్పతీగ దగ్గరే చిక్కుకుపోయేది.

"ఆ తీగ నీ నాలుకకే చుట్టుకుందే!" అని తోటివాళ్ళు నవ్వారు. చందిక కూడా నవ్వబోయింది, చేతకాలేదు. మూట సర్దుకుని పడవరేవుకి నడిచింది.

పెద్ద భిక్షుణి వినయశీల వంటశాలలో జ్వరరోగి కోసం కాచిన జావ దించుతోంది. సుమన వెళ్ళి చెప్పింది.

"చందికను పంపేశానమ్మా."

"అయ్యో! రోగుల సేవ చెయ్యాలని ఎంత ఆశతో వచ్చింది!"

"ఆశకేం, అందరికీ ఉంటుంది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అక్కడే తప్పింది. నెగ్గినవాళ్ళు మూడుసార్లూ నెగ్గారు. నా పరీక్ష మాట మార్చదమ్మా. జాలిపడి దాన్ని వంచమంటారా?"

"వద్దు, వంచకు." వినయశీల పొగలు కక్కే జావను గిన్నెలోకి వంపింది. "మందులు తూచే త్రాసు ఇలా తే. ఈ గిన్నె తూచు."

సుమన తూచింది.

"మళ్ళీ తూచు. ఊఁ, ఇంకోసారి. మారిందా?"

"వెంట్రుకంత కూడా మారలేదు." సుమన గొంతులో గర్వం. "మంచి త్రాసమ్మా ఇది."

"మంచిదే, ఎవరు కాదన్నారు? ఇప్పుడు ఆ త్రాసునే చూసి చెప్పు. ఈ జావ రోగికి తాగించేంత చల్లారిందా?"

"త్రాసు... త్రాసు..." అని సుమన ఆగిపోయింది.

మెల్లగా మణికట్టు గిన్నెకి ఆనించింది. చురుక్కుమంది.

మరుక్షణం రేవువైపు పరుగు. పడవవాడు తాడు విప్పుతున్నాడు.

"చందికా! దిగు!"

చందిక బెదిరిపోయింది. "మ... మళ్ళీ అప్పజెప్పాలా అక్కా?"

"వద్దు. రోగికి జావ తాగించాలి. రా, ఎలా తాగిస్తావో చూస్తాను."

పరీక్షలు పెట్టి మనుషుల బతుకులు తేల్చేవాళ్ళారా, మీ రేవులో పడవ ఇంకా కదల్లేదు. లేవండి. వెళ్ళి పిలవండి.