చందమామ కబురు, మైనం కాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే పచ్చటి గడ్డిపోచ కంటికి కనబడదు. అందుకని జంతువులన్నీ ముందే తిండి కూడబెట్టి కొండగుహలో దాచుకునేవి. గుహకు కాపలా కూర్మయ్య తాత. ముసలి తాబేలు. చూపు ఆనదు గానీ పద్ధతి తప్పడు. ఎవరొచ్చినా తడిమట్టి మీద కాలిముద్ర వేయాలి. చెవిలో గుర్తుమాట చెప్పాలి. రెండూ కుదిరితేనే మూట బయటికొస్తుంది.

ఆ అడవిలోనే దూదిపింజ అనే కుందేలు ఉండేది. చందమామలో కూడా ఒక కుందేలు ఉందని వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పింది. అప్పట్నుంచి దానికి చందమామంటే ప్రాణం. సాయంత్రమైతే చాలు, మేత మరిచి తూర్పుకేసి చూస్తూ కూర్చునేది.

"మెడ పట్టేస్తుందే పిల్లా" అనేది పక్క బొరియలో ఉండే ముళ్ళపంది. దాన్ని అందరూ ముళ్ళక్క అనేవాళ్ళు.

"అక్కా, పైనున్న కుందేలు ఇవాళ నావైపే చూసింది."

"చూస్తే చూసింది. నువ్వు దుంపలు తవ్వుకో."

ఈ మాటలు పొదచాటు నుంచి ఒక నక్క వింది. గుహలో దూదిపింజ మూటనిండా ఎండు రేగుపళ్ళున్నాయని దానికి తెలుసు.

మర్నాడు నక్క ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకుంది. తోక పొదలో దాచి, మొహం మాత్రం బయటపెట్టి పిలిచింది.

"దూదిపింజగారూ, నేను చందమామ దూతను. పైనున్న కుందేలుగారికి ఒంటరిగా తోచడం లేదట. తోడుకు మిమ్మల్నే ఎంచుకున్నారు. మీ పేరు, బొరియ ఆనవాలు చెబితే పున్నమికి వెళ్ళేవాళ్ళ జాబితాలో రాసుకుంటాను."

పుట్టాక దూదిపింజను ఎవరూ 'గారు' అనలేదు. చెవులు నిటారుగా లేచాయి. అడిగినవన్నీ చెప్పేసింది.

రెండో రోజు దూత టేకాకులో తడిమట్టి తెచ్చింది. "మీకు వెండి చెప్పులు కుట్టించాలి. కొలతకు కాలు పెట్టండి."

పెట్టేసింది. "మిగతా మూడు కాళ్ళూ పెట్టమంటారా?" అని కూడా అడిగింది.

మూడో రోజు దూత గొంతు తగ్గించింది. "చందమామ గుమ్మం దగ్గర మీరు మీరేనని తెలియాలి కదా. మీ గుర్తుమాట చెప్పండి. ఆలస్యమైతే పక్క అడవి కుందేలు మీ బదులు చందమామ ఎక్కేస్తుంది."

దూదిపింజ తటపటాయించింది. "కన్నతల్లికి కూడా చెప్పొద్దన్నాడు తాత."

"కన్నతల్లికి వద్దన్నాడు. చందమామకు వద్దన్నాడా?"

అనలేదు మరి. దూదిపింజ కళ్ళు మూసుకుని చెప్పేసింది. "వెన్నెల పాయసం."

నక్క ఆ మట్టి అచ్చులో తేనెమైనం కరిగించి పోసింది. చల్లారాక చూస్తే అచ్చం దూదిపింజ కాలే.

పున్నమి వచ్చింది. దూదిపింజ ఒళ్ళంతా దువ్వుకుని, గుమ్మంలో కూర్చుంది. చందమామ నుంచి ఎవరూ రాలేదు. నేలమీద గూడు కట్టుకునే కౌజుపిట్ట వచ్చింది.

"నా గుడ్లు మూడూ తిని, గుమ్మంలో కాలిముద్ర వేసి మరీ పోతావా? గడ్డి తినే నోటికి ఇదేం రుచి?"

"నేను గుడ్డు ముట్టనమ్మా."

"ముద్ర నీదే. రేపు సాయంత్రం అందరినీ పిలుస్తున్నాను. నిన్ను అడవి దాటిస్తేగాని ఊరుకోను."

దూదిపింజ గుహకు పరుగెత్తింది. అక్కడ మూట సగమే ఉంది.

"నిన్ననేగా పట్టుకెళ్ళావు" అన్నాడు తాత. "ముద్ర కుదిరింది. మాట కుదిరింది. గొంతు కాస్త బొంగురుపోయిందని తులసాకు కూడా నమలమన్నాను."

పాపం దూదిపింజ బొరియలో దూరి బయటికి రాలేదు. ఈ ఎండల్లో అడవి దాటితే బతకడం కల్ల. నిజం చెబుదామంటే సిగ్గు.

ముళ్ళక్క గుమ్మంలోంచి తొంగిచూసి, జరిగిందంతా రాబట్టింది.

"అందరూ నవ్వుతారక్కా."

"నవ్వితే ఒక పూట నవ్వుతారు. నువ్వు దాక్కుంటే ఆ దొంగ రేపు నీ పేరుతో ఇంకేం చేస్తుందో. లే."

దూదిపింజ లేచింది. ముందు గుహకు వెళ్ళింది. "తాతా, నా పాత గుర్తుమాట ఈ క్షణం నుంచి చెల్లదు" అని, చెవిలో కొత్తమాట చెప్పింది. ఆ మాటేమిటో నాకూ చెప్పలేదు పిల్లలూ.

తర్వాత గడప గడపకీ వెళ్ళి చెప్పింది. కోతి కొమ్మ మీద దొర్లి దొర్లి నవ్వింది. "వెండి చెప్పులా?" అంది. నవ్వాగాక తోక గోక్కుంటూ, "నా దగ్గరికీ ఒకటి వచ్చింది. సూర్యుడి దూతనంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు" అంది.

చివరికి కౌజుపిట్ట గుమ్మానికి వెళ్ళింది. అక్కడి ముద్ర చుట్టూ చీమలు మూగి ఉన్నాయి. దూదిపింజ పక్కనే తన కాలు నొక్కింది. ఒక్క చీమైనా అటు రాలేదు.

"నా కాలికి తేనె వాసన లేదమ్మా. ఇది తేనెమైనంతో వేసిన ముద్ర."

కౌజుపిట్ట రెండు ముద్రలనూ వాసన చూసింది. అడవి దాటించే మాట వెనక్కి తీసుకుంది.

"తాతకు చెబుదాం పద" అంది దూదిపింజ. "ఇకనుంచి తడిమట్టి వద్దు. ఎండకు కాగిన బండ మీద కాలు పెట్టించమందాం."

మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్క మిగతా సగం కోసం వచ్చింది.

"నేను దూదిపింజను తాతా."

"ఇంకా బొంగురు తగ్గలేదా తల్లీ. కాలు ఆ బండ మీద పెట్టు."

నక్క మైనం కాలు పెట్టింది. తాత వంగి తడిమి చూశాడు.

"కుందేలైతే చురుక్కుమని ఎగరాలి. నీ కాలు కారిపోతోందేమిటమ్మా?"

"వెన్నెల పాయసం" అంది నక్క కంగారుగా.

"పాయసం అయిపోయింది. ఇవాళ్టి వంటకం పేరు చెప్పు."

అప్పటికే కరిగిన మైనం నక్క పంజాకు అంటుకుంది. కదిలేలోగా చీమలొచ్చాయి. చీమల వెనకే కౌజుపిట్ట వచ్చి ముక్కు మీద నాలుగు పొడిచింది. అందరూ కూడి వేసిన శిక్షగా ఆ ఎండాకాలమంతా నక్క దుంపలు తవ్వి దూదిపింజ మూట నింపాల్సి వచ్చింది. గుడ్లు మాత్రం తిరిగి రాలేదు. అందుకని కౌజుపిట్ట మళ్ళీ గుడ్లు పెట్టినప్పుడు దూదిపింజే కాపలా కూర్చుంది.

నక్క దొరికిన రోజు సాయంత్రం చందమామ పైకొచ్చింది. దూదిపింజ చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ నువ్వు నన్ను ఒక్కటీ అడగలేదు కదూ" అంది. "అది నాకు అప్పుడే తట్టాల్సింది."

నీతి: నువ్వు నువ్వేనని చెప్పే గుర్తులు ఎంత తియ్యగా అడిగినా ఎవరికీ ఇవ్వకు. ఇచ్చేశావా, సిగ్గుపడి దాక్కోకు; వెంటనే నలుగురికీ చెప్పి, పాత గుర్తు మార్చుకో.